వెనక నుంచి లెక్క

గుండీలాయనకు కార్డు మీద నమ్మకం లేదు. కార్డు అంటగట్టిన బావమరిది మీద అంతకన్నా లేదు. అయినా ఆ మధ్యాహ్నం, దేశం కాని దేశంలో, మూతపడుతున్న ఒక గుండీల కార్ఖానా ఆఫీసులో, ఆయన ఆ రెంటినీ నమ్ముకునే నిలబడ్డాడు.

ఊళ్లో ఆయన్ని గుండీలాయన అనే పిలుస్తారు. చొక్కా గుండీలు, కోటు గుండీలు, జిప్పులు, హుక్కులు, లేసులు, దారపు రీళ్లు, ఇదీ తండ్రి పెట్టిన కొట్టు. బుద్ధెరిగినప్పటి నుంచి ఆయన అమ్మినవన్నీ ఎవరో చేసిన గుండీలే. చేసేవాడు ధర పెంచితే నోరు మూసుకుని కొనాలి. ఎదురు కొట్టువాడు అదే సరుకు తెచ్చి కాస్త తగ్గించి అమ్మితే పళ్లు నూరుకుంటూ తనూ తగ్గించాలి. ఇన్నేళ్లకు ఆయనకు తేలిన లెక్క ఒక్కటే. గుండీలు చేసే అచ్చులు తన చేతిలో లేనంతకాలం లాభం తనది కాదు, దారిన పోతూ కాసేపు అరుగు మీద కూర్చుని వెళ్లే మనిషి లాంటిది.

అందుకే ఈ కార్ఖానాలో యంత్రాలు అమ్మేస్తున్నారని తెలియగానే రెక్కలు కట్టుకుని వాలాడు. యజమాని ముసలాయన. షెడ్డు ఖాళీ చేసి ఆ సాయంత్రానికే తాళాలు అప్పగించాలి. మిగతా యంత్రాలు తూకానికి పోయాయి. గుండీలు కోసే యంత్రం ఒక్కటి, దాని అచ్చుల పెట్టెతో సహా, గుండీలాయన కోసం ఆపి ఉంచాడు. ఐదింటికి షట్టరు దించేలోగా సగం ధర కట్టాలి, మిగతాది యంత్రం ఓడ ఎక్కాక. కట్టకపోతే అది గోడ వారగా బెంచీ మీద కూర్చున్న మనిషికి వెళ్లిపోతుంది. ఆ మనిషి బ్యాగులు కుట్టించేవాడు. ఒళ్లో తోలు సంచీ పెట్టుకుని, అందులో ఏముందో అందరికీ తెలిసేలా దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

రొక్కం. గుండీలాయన ప్రాణం ఆ సంచీ దగ్గరే కొట్టుకుంటోంది. తన తీరున వదిలేసి ఉంటే తనూ రొక్కమే తెచ్చేవాడు. వదలనిది బావమరిది. అతను ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తాడు, టికెట్టు కొనేవాళ్లకి కార్డు కూడా తగిలించి కమీషను పుచ్చుకుంటాడు. రొక్కం మోసుకెళ్తే ఎయిర్‌పోర్టులో వంద ప్రశ్నలు వేస్తారన్నాడు. ఈ కార్డుకి చిప్పు ఉంది, ఎంతటి మొనగాడూ దానికి నకలు తియ్యలేడన్నాడు. పరాయి దేశంలో గీకినా పైన రుసుం పడదన్నాడు. అన్నిటికీ మించి పాయింట్లు వస్తాయి, పాయింట్లతో విమానం టికెట్లు వస్తాయి అన్నాడు. ఆ పాయింట్లను గుండీలాయన రాత్రికి రాత్రి మనసులో గుణించి చూశాడు. ఉచితంగా ఒకసారి విమానం ఎక్కాలంటే ముందు డబ్బు పెట్టి ఎన్నిసార్లు ఎక్కాలో తేలాక, అలా ఎక్కుతూ పోతే కొట్టు తెరిచేదెవరని అడిగాడు. బావమరిది ఆ మాట వినిపించుకోలేదు. తోడు మాత్రం తనే వస్తానన్నాడు, భాష వచ్చినవాడు కావాలి కదా అని.

వచ్చిన రోజు నుంచీ సతాయింపే. హోటల్లో బావమరిది తన కార్డు ఇస్తే, గది అద్దె కాక, ఏదైనా పగలగొడతారేమోనని మరికొంత పక్కన ఆపి ఉంచుకున్నారు. దాంతో ఆ కార్డు ఊపిరి అక్కడే ఆగింది. భోజనం దగ్గర గుండీలాయన కార్డు తాకిస్తే, డబ్బు మీ రూపాయల లెక్కలో కట్టుకుంటారా, మా దేశం లెక్కలోనా అని యంత్రం మర్యాదగా అడిగింది. బావమరిది వేలు మన లెక్క వైపు వెళ్తుంటే గుండీలాయన మణికట్టు పట్టుకుని ఆపాడు. అక్కడ వేసిన మారకం రేటుకీ, పొద్దున వీధిలో బోర్డు మీద చూసిన రేటుకీ ఎంత తేడానో ఆయన బుర్ర అప్పటికే తీసేసింది. అడక్కుండా మేలు చేస్తానన్నవాడి దగ్గరే జేబు తడుముకోవాలని ఆయన ఉద్దేశం. "నాకు తెలుసు బావా, నీకు తెలుసో లేదో అని చూశా," అన్నాడు బావమరిది, ఏ మాత్రం సిగ్గుపడకుండా.

చిన్న ఖర్చులకు కార్డు అలా తాకిస్తే చాలు, కిచ్‌మని చీటీ వచ్చేది. పెద్ద ఖర్చు ఇదే మొదటిది.

ముసలాయన కోడలు గల్లా బల్ల వెనక నుంచి కార్డు యంత్రం ముందుకు జరిపింది. గుండీలాయన కార్డు తాకించాడు. తాకిస్తే కుదరదు, చిప్పు లోపలికి పెట్టాలంది. పెట్టాడు. పిన్ను కొట్టమంది. పిన్నులు గ్రోసుల లెక్కన అమ్మిన మనిషి ఆయన. పిన్నంటే భయమేమీ లేదు. పైగా ఈ పిన్ను ఎక్కడా రాసి లేకుండా ఆయన మనసులో భద్రంగా ఉంది.

కొట్టు ఖాతా ఇల్లాలి పేరు మీద ఉంది. పన్నులో కలిసొస్తుందని ఆయనే రాయించాడు. కాబట్టి కార్డు సంగతులన్నీ ఆవిడ ఫోనుకే వస్తాయి, పిన్ను కూడా బ్యాంకుకి వెళ్లి ఆవిడే పెట్టింది. బయల్దేరే రోజు టాక్సీ డ్రైవరు పెట్టెలు ఎక్కిస్తుంటే, పక్కింటివాళ్లు చూస్తుంటే, గుమ్మంలో నిలబడి ఒకే మాట అంది. "గమనిక. మర్చిపోకండి." విన్నవాళ్లు ఏదో మందుల జాగ్రత్త చెప్తోందనుకున్నారు. అది కొట్టు మాటలో పెట్టిన పిన్ను అని ఆయనకొక్కడికే అర్థమైంది.

కొట్టు మాట అంటే ఇదీ. గుండీల కొట్టులో ప్రతి పెట్టెకీ, ప్రతి లేసు చుట్టకీ దారంతో ఒక చీటీ కట్టి ఉంటుంది. దాని మీద కొన్న ధర ఉంటుంది, అయితే అంకెల్లో కాదు, అక్షరాల్లో. బేరమాడేవాడికి అది పిచ్చి రాత. అమ్మేవాడికి ఎంతవరకు దిగొచ్చో చెప్పే గురుతు. 'మన కొట్టు సదా వెలుగు' అని తండ్రి కట్టిన మాట. తొమ్మిది అక్షరాలు, ఒక్కటీ రెండోసారి రాదు. మ ఒకటి, న రెండు, క మూడు, అలా చివరి గ తొమ్మిది. గుణింతం, ఒత్తు లెక్కలోకి రావు. సున్నకి సున్నే. కాపురానికి వచ్చిన కొత్తలో మామగారు ఇల్లాలికి మొదట నేర్పింది ఈ మాటే. అప్పటి నుంచి లేసు చుట్టలకు చీటీలు రాసి కట్టే పని ఆవిడది. కొట్టుకు రాదు, ఇంట్లోనే సాయంత్రాలు ముందేసుకుని కూర్చుంటుంది.

మూడేళ్ల కిందట కొట్టు గుమాస్తా మానేసి, సరిగ్గా ఎదురుగా తనే కొట్టు పెట్టాడు. మాట వాడికి కంఠతా. ఎవరినో పంపి చీటీలు చదివించడం, ప్రతి సరుకూ కాస్త తగ్గించి అమ్మడం మొదలుపెట్టాడు. గుండీలాయన గొడవకు దిగలేదు. అదే మాటను తిరగేశాడు. ఇప్పుడు గ ఒకటి, ల రెండు, చివరికి మ తొమ్మిది. వాడు పాత లెక్కన చదువుకుని కొన్నిటిని నష్టానికీ, కొన్నిటిని ఎవరూ కొనని ధరకీ పెట్టి, ఒక సీజనంతా గోళ్లు గిల్లుకున్నాడు. తనని తాను మెచ్చుకోవాలనిపించినప్పుడల్లా గుండీలాయన ఆ సీజను గుర్తు చేసుకుంటాడు.

గమనిక. గ ఒకటి, మ తొమ్మిది, న ఎనిమిది, క ఏడు. 1987. తండ్రి కొట్టు తెరిచిన సంవత్సరం. ఎంత ముచ్చటగా పెట్టిందీ అని విమానంలో కూర్చుని ఆయన లోలోపల మురిసిపోయాడు కూడా.

ఇప్పుడు అదే నొక్కాడు. యంత్రం ఎర్రగా ఏదో రాసింది. తప్పు పిన్ను అంటోందని బావమరిది చదివి చెప్పాడు.

వేళ్లు లావు, మీటలు చిన్నవి. గుండీలాయన జేబురుమాలుతో వేలు తుడుచుకుని, ఒక్కో అంకె దగ్గరా ఆగి, మళ్లీ 1987 కొట్టాడు. మళ్లీ ఎర్ర రాత. ఇంకొక్కసారి తప్పితే కార్డు మూసుకుపోతుందని కోడలు చెప్పింది, దయగానే చెప్పింది. బెంచీ మీది మనిషి కాళ్లు మార్చి కూర్చున్నాడు. సంచీ జిప్పు కొంచెం తెరిచి మళ్లీ మూశాడు. ఆ జిప్పు నాసిరకం సరుకని ఆ అవస్థలో కూడా గుండీలాయన చెవికి తెలిసింది.

"నీ చిప్పు," అన్నాడు బావమరిదితో. "మొనగాడెవడూ నకలు తియ్యలేడన్నావు. సొంతదారుకి కూడా అక్కరకు రాకుండా పోయింది."

"చిప్పుదేం తప్పు బావా? అది తాళం. చెవి నీ దగ్గరుంది."

ఇంటికి ఫోను చేశాడు. అవతల కత్తెర చప్పుడు వినిపిస్తోంది. ఆవిడ చీటీలు కడుతూ మాట్లాడుతోంది. పిన్ను మరొకసారి చెప్పమన్నాడు. గమనిక అన్నాను కదండీ, బ్యాంకు గోడ మీద ఆ మాటే పెద్ద అక్షరాలతో రాసుంటే చూసి పెట్టాను, అప్పుడే మర్చిపోయారా అంది. మర్చిపోలేదు, కొట్టాను, కాదంటోంది అన్నాడు.

"కాదంటుందా? తొమ్మిదితో మొదలుపెట్టి నెమ్మదిగా కొట్టండి," అంది ఆవిడ.

తొమ్మిది. ఆవిడకి గ ఇంకా తొమ్మిదే. ఆవిడ లెక్కలో మాట ఇంకా ముందు నుంచే నడుస్తోంది. తిరగేసిన సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు మరి. ఎదురు కొట్టుకి ఆ గది అద్దెకు కుదిర్చి పెట్టింది బావమరిదే. గుమాస్తా, అతనూ ఒకే బెంచీలో చదువుకున్నవాళ్లు. ఇల్లాలికి తెలిసింది భోజనాల వేళకి తమ్ముడికి తెలుస్తుంది, తమ్ముడికి తెలిసింది తెల్లారేసరికి రోడ్డు దాటుతుంది. అందుకని చెప్పలేదు. చెప్పకపోతే ఖర్చేముందనుకున్నాడు.

సరే సరే అని ఫోను పెట్టేసి, ఏమీ జరగనట్టు 9123 కొట్టాడు. యంత్రం ఈసారి ఎర్రబడలేదు. బయటపడ్డానని ఊపిరి వదిలేలోగా, బ్యాంకు ఒప్పుకోలేదని చీటీ కక్కింది. అంతలోనే ఇంటి నుంచి ఫోను. కార్డు యంత్రంలోంచి తీస్తూ, చేతులు ఖాళీ లేక, ఫోను బావమరిదికి అందించాడు. అతను అందరికీ వినపడేలా పెట్టి బల్ల మీద ఉంచాడు.

బ్యాంకు నుంచి మెసేజీ వచ్చిందట. ఇంత పెద్ద మొత్తం పరాయి దేశంలో కడుతున్నది మీవాళ్లేనా, ఔనో కాదో నొక్కమంటోందట. ఔనంటే మళ్లీ కార్డు పెట్టుకోవచ్చు. దానికి ముందు రెండుసార్లు తప్పు పిన్ను కొట్టారని కూడా రాసిందట.

"ఔనని నొక్కు. షట్టరు దించేస్తారు," అన్నాడు గుండీలాయన.

"నొక్కుతాను. ఆ రెండుసార్లు ఎంత కొట్టారు?"

"వేలు జారింది."

"రెండుసార్లూ జారిందా?"

"అబ్బా, ఇప్పుడు అవన్నీ ఎందుకే?"

ఆవిడ గొంతు తగ్గించింది. "ఏమండీ, పక్కన ఎవరైనా నిలబడి మీచేత కట్టిస్తున్నారా?"

"అక్కా, నేనే ఉన్నా," అన్నాడు బావమరిది. "బావని బెదిరించి డబ్బు తియ్యగలిగినవాడు ఇంకా పుట్టలేదు. నువ్వు నొక్కు."

"అయితే ఎంత కొట్టారో చెప్పమను. అనుమానముంటే ఔననొద్దని ఇక్కడ రాసుంది. అడిగితే చెప్పని మనిషి మీద అనుమానం కాక ఇంకేముంటుంది?"

ముసలాయన షెడ్డులోకి వెళ్లి ఒక్కో దీపమే ఆర్పుకుంటూ వస్తున్నాడు. యంత్రం ఉన్న మూల ఇంకా వెలుగుంది. మూత తీసిన పెట్టెలో అచ్చులు వరసగా పేర్చి ఉన్నాయి. ఎదురు కొట్టువాడు ఈ జన్మలో తేలేని గుండీలన్నీ వాటిలోంచి రావలసినవి. బెంచీ మీది మనిషి లేచి నిలబడ్డాడు. ఏ అబద్ధం చెప్పినా ఇంకో ప్రశ్న వస్తుంది. నిజానికి అయ్యే ఖర్చు ఒకసారే. గుండీలాయన ఆ కొద్ది క్షణాల్లో వేసిన లెక్క ఇది.

"పంతొమ్మిది వందల ఎనభై ఏడు," అన్నాడు.

కత్తెర చప్పుడు ఆగిపోయింది. ఆవిడ లెక్క కట్టుకుంటోందని ఆయనకు తెలుసు. ఆ మాటతో ఆవిడ ఆయనకన్నా వేగంగా లెక్క కట్టగలదు.

"వెనక నుంచి చదివారా?"

"మాట తిరగేశాను. గుమాస్తా వెళ్లిపోయినప్పుడు."

"మూడేళ్లయింది."

"ఆఁ."

బావమరిది బల్ల మీది ఫోనుకేసీ, బావకేసీ మార్చి మార్చి చూశాడు. ఏదో తిరగబడిందని అర్థమైంది, ఏమిటో ఇంకా అర్థం కాలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగింది ఆవిడ. ఆయన పక్కనున్న మనిషి వైపు చూడకుండా ఉండటానికి గోడ మీద గడియారం చూశాడు. ఆ చూడకపోవడమే బావమరిదికి అంతా చెప్పేసింది. అతని మొహంలో ఎప్పుడూ ఉండే నవ్వు కాస్త ఆలస్యంగా ఆరింది.

"అనుమానం కాదే. జాగ్రత్త," అన్నాడు గుండీలాయన.

లైను పోయిందేమోనని ఆయన ఫోను మీదికి వంగాడు.

"మరి ఇన్నాళ్లూ నేను కడుతున్న చీటీలు?" అని అడిగింది ఆవిడ.

చెప్పక తప్పలేదు. ఇంటి నుంచి వచ్చిన లేసు చుట్టలను కొట్టు తెరవకముందే విప్పి, ఆ చీటీలు చించేసి, తిరగేసిన మాటతో తనే మళ్లీ రాసి కట్టేవాడు. దారం ముడి కూడా ఆవిడ వేసినట్టే వేసేవాడు, ఎవరికీ తేడా తెలియకుండా.

"ప్రతిసారీనా?"

"సరుకు వచ్చినప్పుడల్లా."

"నేను కూర్చుని కట్టడం, మీరు కూర్చుని విప్పడం. బాగుంది," అంది ఆవిడ. అరిచినా బాగుండేది. ధర అడిగి, కొనకుండా వెళ్లిపోయే మనిషి గొంతులా ఉంది. "ఆ యంత్రం మంచిదేనా?"

"మంచిదే. స్వయంగా చూశాను."

"ముందు నుంచే చూశారా, వెనక నుంచి కూడా చూశారా?"

ఆయన జవాబు చెప్పేలోగా, ఔనని నొక్కాను, పెట్టుకోండి అని ఫోను పెట్టేసింది.

కార్డు పెట్టాడు. 9123. యంత్రం ఈసారి పొడుగాటి చీటీ ఇచ్చింది. ముసలాయన వచ్చి చెయ్యి కలిపాడు, అచ్చుల పెట్టె మూత వేసి తాళం చెవి గుండీలాయన అరచేతిలో పెట్టాడు. బెంచీ మీది మనిషి సంచీ భుజాన వేసుకుని, పోనీలే అన్నట్టు తల ఆడించి వెళ్లిపోయాడు. కొన్న రోజున గుండీలాయనకు ఎప్పుడూ ఆకలి వేస్తుంది. ఆ రోజు వెయ్యలేదు.

స్టేషను దాకా ఇద్దరూ నడిచారు. కొంత దూరం పోయాక బావమరిది అడిగాడు, నేను ఆ గుమాస్తాకి చేరేస్తాననుకున్నావా అని.

"అనుకోలేదు. లెక్కలో ఉంచుకున్నాను."

"ఏ మాటో, ఏం తిరగేశావో నాకు ఇప్పటికీ తెలీదు బావా. ఆ చీటీల మీద ఉన్నవి కంపెనీ పేర్లనుకున్నాను ఇంతకాలం." నడుస్తూనే అన్నాడు, "గది కుదిర్చింది నిజమే. అందుకు వాడు కమీషను కూడా ఎగ్గొట్టాడు. అప్పటి నుంచి మాటల్లేవు మాకు. అడిగుంటే చెప్పేవాణ్ని."

మూడేళ్ల జాగ్రత్త, లేని దారికి వేసిన గేటని గుండీలాయన అప్పుడు లెక్క తేల్చుకున్నాడు. చించిన చీటీలు, దారం, పొద్దున్నే తగలేసిన గంటలు, అన్నీ ఖర్చు కిందే పోయాయి. జమ వైపు ఏమీ కనపడలేదు. అక్కడ ఇంకా ఏదో రాయాల్సి ఉందనీ, అది అంకె కాదనీ తెలుస్తోంది గాని, ఏమని రాయాలో తెలియలేదు.

స్టేషనులో మనుషులున్న కిటికీ మూసేశారు. టికెట్లిచ్చే యంత్రం ఒక్కటే వెలుగుతోంది. రెండు టికెట్లు ఎంచుకుని, కార్డు లోపలికి పెట్టి, ఇప్పుడు నేర్చుకున్నవాడి ధీమాతో గుండీలాయన 9123 కొట్టాడు. ఎర్ర రాత.

మళ్లీ కొట్టబోతుంటే బావమరిది చెయ్యి అడ్డం పెట్టాడు. అతని ఫోను అప్పుడే కూసింది. చదువుకున్నాడు.

"ఆగు బావా. అక్క ఫోనులోనే పిన్ను మార్చింది."

"ఎంత పెట్టింది?"

"నాకు పంపింది. నీకు చెప్పొద్దంది."

గుండీలాయన తన కార్డు వంక చూశాడు. దాని చిప్పు దీపం వెలుగులో బంగారు గుండీలా మెరుస్తోంది. ఓడ ఎక్కాక కట్టాల్సిన మిగతా సగం కూడా దీనితోనే కట్టాలి.

"ఎందుకట?"

"అనుమానం కాదట," అన్నాడు బావమరిది. "జాగ్రత్తట."

వెనక వరసలో నిలబడ్డవాళ్లు కదులుతున్నారు. బావమరిది యంత్రం ముందుకు జరిగి, అంకెల మీటలు కనపడకుండా ఎడమ చెయ్యి దొప్పలా కప్పాడు. ఒకరు పిన్ను కొడుతుంటే పక్కవాళ్లు మొహం తిప్పుకోవడం మర్యాద. గుండీలాయన తిప్పుకున్నాడు. కళ్లు అటు పెట్టినా చెవి మాత్రం ఇటే ఉంది. ఏ మీట ఎలా మోగుతుందో పోల్చుకోగలనేమో అని ఒళ్లంతా చెవి చేసుకుని విన్నాడు.

నాలుగూ ఒకేలా మోగాయి.